అస్థికలు సముద్రంలో కలపడానికి చోటు ఎంచుకోవడం ఎలా? నెల్లూరు, ప్రకాశం తీరాలకు సమగ్ర మార్గదర్శి

"నాన్నగారి అస్థికలు సముద్రంలో కలపాలి, ఎక్కడికి వెళ్లమంటారు?" అని అడిగేవారికి ఎక్కువగా దొరికే జవాబు ఒకటే. నెల్లూరు వారైతే మైపాడు, ఒంగోలు వారైతే కొత్తపట్నం. ఆ జవాబు తప్పు కాదు కానీ సగమే. ఊరి పేరు తెలిసినంత మాత్రాన చోటు తెలిసినట్టు కాదు. ఏ గంటకు వెళ్లాలి, గాలి ఎటు వీస్తుంది, ఎంత లోతు వరకు దిగాలి, వెంట వచ్చే ముసలివారు ఎక్కడ కూర్చుంటారు అన్నవి తేలితే గానీ చోటు తేలదు.

తిథి, మంత్రం, తర్పణం మీ పురోహితుడు చెప్పినట్టే చేయండి. వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. ఇది నీళ్లు, గాలి, దారి, మనుషులకు సంబంధించిన సంగతి.

అన్నిటికంటే ముందు ఒక మాట. మోకాలి లోతు చాలు. సరైన గంట చూసుకుంటే మోకాలి లోతులో వదిలిన అస్థికలు సముద్రంలోనే ఉంటాయి. తప్పుడు గంటలో వెళితే ఛాతీ లోతుకు దిగినా బూడిద వెనక్కి వచ్చి ముఖం మీద పడుతుంది. "ఇంకాస్త లోపలికి వెళ్లు" అని ఒడ్డున నిలబడి అరిచే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకరు ఉంటారు. ఆయనకు ఇంటి దగ్గరే ఈ సంగతి చెప్పి తీసుకెళ్లండి.

## 1. బయలుదేరే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

అస్థికలన్నీ ఇక్కడే కలుపుతారా, కొంత భాగం కాశీకో గోకర్ణానికో రామేశ్వరానికో తీసి పెడతారా? ఈ సంగతి సంచయనం (అస్థికలు ఏరడం) నాడే తేల్చుకుని, తీసి పెట్టాల్సిన భాగాన్ని వేరే ముంతలో ఉంచి మూతి గట్టిగా కట్టండి. ఒడ్డున గాలిలో ముంత విప్పి పంచుకోవడం కుదిరే పని కాదు. పైగా అన్నదమ్ముల మధ్య మాట పట్టింపులు వచ్చేది సరిగ్గా అక్కడే.

పదో రోజు లోపు కలిపేస్తే వేరే ముహూర్తం చూడనక్కర్లేదని చాలా ఇళ్లలో పాటిస్తారు. ఆ రోజులు దాటితే పురోహితుణ్ణి అడగండి. మంగళ, శుక్రవారాల్లో సముద్ర స్నానం చేయని ఇళ్లూ ఉన్నాయి. ఆయన ఒక్క రోజు చెప్పి ఊరుకుంటే, వీలున్న రోజులు రెండు మూడు చెప్పమనండి. ఎందుకో అయిదో అంశంలో తెలుస్తుంది.

తర్వాత, వచ్చేవారిలో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషి ఎవరో చూడండి. చాలా ఇళ్లలో అది అమ్మే అవుతుంది. చోటును ఆమె కాళ్లను బట్టి ఎంచుకోండి, మీ కాళ్లను బట్టి కాదు. మెత్తటి ఇసుకలో అర కిలోమీటరు నడవడం మోకాళ్ల నొప్పులున్నవారికి చాలా కష్టం. మీకు ఎంత అందమైన ఒడ్డు దొరికినా ఆమె కారులోనే కూర్చుండిపోతే ఆ చోటు మీ కుటుంబానికి పనికిరాదు.

ఇంట్లో తేలాల్సినవి:

- మొత్తమా, కొంత భాగమా
- కర్తతో (కర్మ చేసే మనిషితో) పాటు నీళ్లలోకి దిగే ఇద్దరు ఎవరు
- పురోహితుడు ఒడ్డుకు వస్తారా, ఇంటి దగ్గరే చేయించి పంపుతారా
- వీలున్న రోజులు
- ఎవరు కారు దగ్గర ఉంటారు, పిల్లల్ని ఎవరు చూస్తారు

## 2. అస్థికలను సిద్ధం చేయడం

కట్టెల చితి అయితే బూడిదంతా తేవాల్సిన పని లేదు. పాలు, నీళ్లు చల్లి చల్లారిన తర్వాత ఏరిన అస్థికలు, కాస్త భస్మం సరిపోతాయి. పైకి చల్లగా ఉన్నా అడుగున నిప్పు ఉంటుంది. వేడి పోకముందే ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి.

గ్యాసు లేదా విద్యుత్ దహనవాటిక అయితే పెద్ద మనిషి అస్థికలు మామూలుగా 2 నుంచి 3 కిలోలు ఉంటాయి. చిన్న చెంబు తీసుకెళ్లి అక్కడ ఇబ్బంది పడకండి. మూడు నాలుగు లీటర్లు పట్టే పాత్ర కావాలి.

తర్వాత చేయాల్సిన పనిని చాలామంది మర్చిపోతారు. లోహం ఏరేయాలి. కాలికి, తుంటికి వేసిన రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు మంటలో కాలవు. పాడె కట్టిన ఇనుప తీగ, మేకులు కూడా భస్మంలో కలిసిపోతాయి. ఇవి ఇసుకలో పడితే రేపు వట్టికాళ్లతో వల లాగే మనిషి పాదంలో దిగుతాయి. పాత నూలు గుడ్డ పరిచి, చేత్తో కాకుండా పుల్లతో నెమ్మదిగా వేరు చేయండి. రాడ్లను దహనవాటిక సిబ్బందికి అప్పగించవచ్చు. ఈ పని కర్తకు చెప్పకండి. అల్లుడో, దగ్గరి స్నేహితుడో చేస్తే మంచిది.

లోహం ఏరేసిన అస్థికలను పలుచటి పాత నూలు గుడ్డలో మూటగా కట్టి, ఆ మూటను ముంతలో పెట్టండి. నూలు గుడ్డే కావాలి. పాలిస్టర్ చీర ముక్క, జరీ అంచు, ప్లాస్టిక్ సంచి వద్దు. ముడి ఒక్క లాగుతో విడిపోయేలా ఉండాలి. తడిసిన గుడ్డ ముడి బిగుసుకుంటే అలల్లో విప్పడం ఎవరి తరమూ కాదు.

శ్మశానంలో ఇచ్చిన రసీదును మూటతో పాటు సంచిలో పెట్టకండి. మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. ఆ రసీదు అప్పుడు కావాలి. తడిసి ముద్దయిన కాగితంతో మున్సిపల్ కార్యాలయం చుట్టూ తిరగడం ఆ దుఃఖంలో ఎవరికీ వద్దు.

## 3. ఏ తీరం ఎవరికి

మైపాడు. నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. ఇసుక దాకా రోడ్డు ఉంది, దుకాణాలున్నాయి. నడవలేనివారు ఉంటే సౌకర్యం ఇదే. చిక్కంతా జనంతోనే. ఆదివారం, సెలవు రోజు, కార్తీక పౌర్ణమి నాడు అస్థికలతో వెళ్లకండి. మామూలు రోజున తెల్లవారుజామున వెళ్లి, రోడ్డు చివర ఆగకుండా ఉత్తరానికో దక్షిణానికో కొంత దూరం జరగండి.

కోడూరు. తోటపల్లిగూడూరు మండలం. మైపాడుకు వెళ్లగలిగినవారు ఇక్కడికీ వెళ్లగలరు, సందడి తక్కువ. నెల్లూరు వారు నన్ను అడిగితే మొదట చూసి రమ్మనేది ఈ ఒడ్డునే.

ఊటుకూరు దగ్గర పెన్నా మొగ. నది, సముద్రం కలిసే చోటు కాబట్టి సంగమం అన్న భావనతో అడుగుతారు. ఆ భావనను కాదనను. కానీ మొగ దగ్గర నీళ్లు నమ్మదగ్గవి కావు. వాన కాలంలో ప్రవాహం, ఎండా కాలంలో ఇసుక మేట, రెండింటికీ మధ్య రోజుకో తీరుగా మారే లోతు. నిన్న నడుం లోతున్న చోట ఇవాళ మనిషి మునగవచ్చు. అక్కడే చేయాలనుకుంటే స్థానిక మత్స్యకారుడు ఒకరు పక్కన ఉండాలి, ముసలివారు గట్టు మీదే ఉండాలి. లేదంటే ఇంటికి దగ్గర్లో పెన్నా నీళ్లు ఒక చెంబుడు తీసుకెళ్లి, సముద్రంలో అస్థికలతో పాటు కలపండి. సంగమం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే ఇది మేలు.

తుమ్మలపెంట. కావలి వారికి దగ్గర. రైల్లో వచ్చేవారు కావలిలో దిగవచ్చు.

పాకల. సింగరాయకొండ స్టేషన్లో దిగి ఆటోలో వెళ్లవచ్చు. కందుకూరు వారికీ అందుబాటులో ఉంటుంది. సెలవు రోజుల్లో ఇక్కడా జనమే.

కొత్తపట్నం. ఒంగోలు నుంచి సుమారు 20 కిలోమీటర్లు. మైపాడుకు చెప్పిందే దీనికీ వర్తిస్తుంది: రోడ్డు చివర వద్దు, కాస్త జరగండి.

తూపిలిపాలెం. గూడూరు, కోట, వాకాడు వైపు వారికి.

2022లో జిల్లాలు మారాక బాపట్ల జిల్లాలోకి వెళ్లిన చీరాల వాడరేవును ప్రకాశం వారు ఇప్పటికీ అడుగుతుంటారు. అక్కడ రిసార్టుల రద్దీ ఎక్కువ. చీరాలలో సొంతవాళ్లుంటే తప్ప ఒంగోలు నుంచి అంత దూరం వెళ్లడానికి కారణం కనపడదు.

వద్దనేవి కూడా చెప్పాలి. కృష్ణపట్నం ఓడరేవు పరిసరాలు, రామాయపట్నం పోర్టు పనులు జరిగే చోటు, జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ లోపలి నీళ్లు ఈ పనికి తగవు. కాపలా ఉంటుంది, నూనె తెట్టు ఉంటుంది, హార్బర్ లోపలి నీళ్లు కదలవు. తీరానికి వెళ్లే దారిలో చాలా చోట్ల బకింగ్‌హాం కాలువ అడ్డం వస్తుంది. ఆలస్యమైందనో ఎండ ఎక్కిందనో వంతెన మీది నుంచే కాలువలో వదిలేసి వచ్చేవారున్నారు. ఆ నీళ్లు ఎక్కడికీ పోవు. అంత దూరం వచ్చి ఆ పని చేయకండి.

## 4. ముందు రోజు వెళ్లి చూడాల్సినవి

ఇంట్లో ఒకరు ముందు రోజు, అదే గంటకు వెళ్లి చూసి రావాలి. సాయంత్రం చూసిన ఒడ్డుకూ తెల్లవారి ఒడ్డుకూ పోలిక ఉండదు.

చూడాల్సినవి:

- కారు ఆగే చోటు నుంచి తడి ఇసుక వరకు ఎన్ని అడుగులు, దారిలో మెత్తటి ఇసుక ఎంత
- రొయ్యల చెరువుల నీళ్లు, మురుగు వదిలే డ్రెయిన్ దగ్గర్లో ఉందా (ఉంటే కనీసం అర కిలోమీటరు జరగండి)
- పడవలు ఒడ్డుకు చేర్చే చోటు, వలలు ఆరబెట్టే చోటు ఎక్కడ (అక్కడ వద్దు)
- ఒడ్డు నిదానంగా వాలుతోందా, ఒక్కసారిగా దిగిపోతోందా
- ముసలివారు కూర్చోవడానికి సరుగుడు తోట నీడ ఉందా
- ఫోన్ సిగ్నల్ ఉందా
- బట్టలు మార్చుకోవడానికి, మూత్ర విసర్జనకు ఆడవాళ్లకు చోటు ఉందా

చివరిది రాయడానికి సిగ్గు పడతారు గానీ, సగం కుటుంబాలు ఇబ్బంది పడేది అక్కడే.

వాలు చూడటానికి తేలిక మార్గం ఉంది. అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి. దూరంగా విరిగి, చిన్నవై, నురగతో నెమ్మదిగా వస్తుంటే ఒడ్డు నిదానమైన వాలు. సరిగ్గా ఒడ్డు మీదే ఎత్తుగా లేచి ధబ్బున పడుతుంటే అక్కడ అడుగు దిగగానే లోతు. రెండో రకం చోట దిగకండి.

ఇంకొకటి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త మట్టి రంగులో కనిపిస్తే, కొత్తవారు అదే మంచి చోటు అనుకుంటారు. నీళ్లు లోపలికి లాగేది ఆ పాయలోనే. దాని నుంచి దూరంగా ఉండండి.

దగ్గర్లోని మత్స్యకారుల పాలెంలో ఒక పెద్దమనిషితో మాట్లాడి రండి. "అన్నా, రేపు పొద్దున మా అమ్మ అస్థికలు కలపడానికి వస్తున్నాం. ఏ పక్క దిగితే మీకు ఇబ్బంది లేదు?" అని అడిగితే చాలు. ఏ మ్యాపులోనూ లేని సంగతి ఆయన వేలు చూపించి చెబుతారు. అది వాళ్లు బతుకుతెరువు చేసుకునే చోటు, అడగడం మర్యాద కూడా.

## 5. గంట ఎంచుకోవడం: గాలి, ఆటుపోట్లు

ఈ భాగం ఓపికగా చదవండి. చోటు ఎంత మంచిదైనా గంట తప్పితే ఫలితం ఉండదు.

గాలి. పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రంతా నేల చల్లబడుతుంది కాబట్టి, ప్రశాంతమైన రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు ఉంటుంది. మన తీరం తూర్పు ముఖం. అంటే తెల్లవారి మీ వీపు మీద తగిలిన గాలి, పది పదకొండు గంటలకల్లా ముఖం మీదికి తిరుగుతుంది. భస్మం తేలిక, గాలి ఎటు ఉంటే అటే పోతుంది. సూర్యోదయానికి ఒడ్డున ఉండి, ఎనిమిదిన్నరకల్లా ముగించుకోవడం ఉత్తమం.

ఆటుపోట్లు. సముద్రం రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటు నుంచి ఆటు పూర్తయ్యే వరకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మొత్తం చక్రం 24 గంటల 50 నిమిషాలు కాబట్టి, ఇవాళ ఉన్న సమయం కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మన తీరంలో నీటి మట్టం తేడా పెద్దదేమీ కాదు, పెద్ద పోటు రోజుల్లో కూడా ఇంచుమించు మీటరు. అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ.

"పోటు నిండి, ఆటు మొదలవగానే వదలండి, నీళ్లే లాక్కుపోతాయి" అని చాలామంది చెబుతారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆలోచించండి. పోటు నిండినప్పుడు మీరు మోకాలి లోతులో నిలబడిన చోటు, ఆరు గంటల తర్వాత బయటపడిన ఇసుక. భస్మం నీళ్లతో పోతుంది, నిజమే. అస్థి ముక్కలు బరువు, అవి అక్కడే మునిగి ఇసుకలో ఉంటాయి. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గితే అవి పైకి కనిపిస్తాయి. కుక్కలు తిరిగే ఒడ్డు అది.

అందుకే వదలాల్సింది ఆటు మొదట్లో కాదు, ఆటు చివర్లో. నీటి మట్టం పూర్తిగా తగ్గే సమయానికి ఒకటి, రెండు గంటల ముందు. అప్పటికి నీళ్లు ఇంకా బయటికే పోతుంటాయి కాబట్టి భస్మం లోపలికి వెళుతుంది. మీరు నిలబడిన చోటు దాదాపు ఎప్పుడూ నీళ్లలోనే ఉండే చోటు కాబట్టి ముక్కలు బయటపడవు. తర్వాత వచ్చే పోటు వాటిని ఇంకా లోతున కప్పుతుంది.

ఆటుపోట్ల వేళలు ఫోనులో దొరుకుతాయి. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ (INCOIS) సంస్థ వెబ్‌సైటులో కూడా చూడవచ్చు. మీ పాలెం పేరు దొరక్కపోతే కృష్ణపట్నం చూడండి. కొన్ని నిమిషాల తేడా మీకు అడ్డం కాదు.

వీలున్న రోజులు రెండు మూడు చెప్పమని పురోహితుణ్ణి అడగమన్నది ఇందుకే. ఆ రోజుల్లో ఏ రోజున నీళ్లు పూర్తిగా తగ్గే సమయం ఉదయం ఏడు, తొమ్మిది మధ్య పడుతుందో అది మీ రోజు. రెండూ కలవకపోతే గాలికే మొగ్గు చూపండి. ఆటు కుదరని లోటును గుడ్డ మూటతో, నీళ్ల అడుగున విప్పడంతో కొంత సర్దుకోవచ్చు. ఎదురుగాలిని ఏం చేసినా సర్దలేరు.

## 6. కాలాన్ని బట్టి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉదయాలు అనుకూలం. అయితే జనవరి నుంచి మార్చి వరకు సముద్ర తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. పొడి ఇసుకలో గుంటలు తవ్వకండి, కొంత భస్మాన్ని ఒడ్డునే పాతిపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

మే, జూన్ నెలల్లో ఎండే శత్రువు. ఉపవాసం ఉన్న కర్తకు ఎనిమిది దాటితే కళ్లు తిరుగుతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కష్టకాలం. ఈశాన్య రుతుపవనాల్లో తెల్లవారి కూడా గాలి సముద్రం మీది నుంచే వస్తుంది. వాయుగుండాలు, తుపానులు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే ఆ వారం మర్చిపోండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరాన లేచిన అలలు ఇక్కడ ఒడ్డును కొట్టవచ్చు. ఇన్‌కాయిస్ అలాంటి హెచ్చరికలు ముందే ఇస్తుంది, బయలుదేరే ముందు రాత్రి ఒకసారి చూడండి. ముంతను వాడుక లేని చోట చెట్టుకు కట్టి నాలుగు రోజులు ఆగితే పోయేదేమీ లేదు.

## 7. పడవలో వెళ్లాలనుకుంటే

చాలా కుటుంబాలకు అవసరం లేదు. పోయినవారు అడిగి ఉంటేనో, ఒడ్డున జనం తప్పించుకోలేకపోతేనో ఆలోచించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంజను పడవ తీయమని ఎవరినీ బతిమాలకండి. తీస్తే ఇబ్బంది పడేది వాళ్లు. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్న రోజున దక్షిణ తీరంలో పడవలను సముద్రంలోకి వెళ్లవద్దని హెచ్చరిస్తారు. వాకాడు వైపు వెళ్లేవారు ఆ తేదీ చూసుకోవాలి.

పడవ మాట్లాడేటప్పుడు పని ఏమిటో ముందే చెప్పండి. కొందరు అస్థికలను పడవలోకి ఎక్కించరు. అది వాళ్ల నమ్మకం, బేరంతో మార్చే విషయం కాదు. ఒప్పుకున్న వారితో డబ్బు, ఎంతమంది, ఎంత సేపు అన్నవి ముందు రోజే తేల్చుకోండి.

- కర్త, ఇంకో ఇద్దరు, అంతే. అమ్మను ఎక్కించకండి
- అందరికీ లైఫ్ జాకెట్. లేకపోతే పడవ ఎక్కవద్దు
- గుర్తింపు కార్డులు వెంట ఉండాలి, మెరైన్ పోలీసులు అడగవచ్చు
- పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అలలు విరిగే చోటే ప్రమాదం. అక్కడ ఎవరూ లేచి నిలబడకూడదు
- ఇంజను ఆపించి, గాలి ఎటు పోతోందో ఆ వైపు అంచు నుంచి మూటను నీళ్లలో ముంచి విప్పాలి

సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554. ఒడ్డున అయితే 112.

## 8. వెంట తీసుకెళ్లాల్సినవి

- ముంత, దానిలో నూలు మూట
- పాలు, నువ్వులు, దర్భలు, పిండాల సామగ్రి (పురోహితుడి జాబితా ప్రకారం)
- విడి పూలు. దండ అయితే దారం తీసేసి తీసుకెళ్లండి
- స్టీలు చెంబు రెండు
- కర్పూరం వెలిగించాలంటే గాలి అడ్డు పెట్టడానికి లోతైన మట్టి మూకుడు. అగ్గిపెట్టె రెండు
- తాగే నీళ్లు, కాళ్లు కడుక్కోవడానికి ఇంకో డబ్బా
- పొడి బట్టలు, తువ్వాళ్లు
- ముసలివారికి మడత కుర్చీ, గొడుగు
- కర్తకు చక్కెర జబ్బు ఉంటే మాత్రలు, గ్లూకోజు
- చెత్తకు ఒక సంచి
- చిల్లర నోట్లు

బంగారం ఇంట్లో పెట్టండి. ఉంగరాలు అలల్లో జారిపోతాయి.

## 9. ఆ ఉదయం, వరుసగా

మొదట, పావుగంట ఊరికే చూడండి. నిన్న చూసిన సముద్రమే ఇవాళా ఉందని అనుకోవద్దు. పిడికెడు పొడి ఇసుక తీసి భుజం ఎత్తు నుంచి వదలండి. నీళ్ల వైపు పోతే గాలి మీ పక్షం.

కూర్చునే చోటు. పురోహితుడు, ముసలివారు తడి గీతకు బాగా పైన కూర్చోవాలి. తడి ఇసుక మీద పూజ సామగ్రి పరిస్తే పెద్ద అల ఒకటి వచ్చి అన్నీ తీసుకుపోతుంది, పిండాలతో సహా.

బట్టలు. కర్త పంచెను గోచీ పోసి బిగించి కట్టుకోవాలి. తడిసిన పంచె కాళ్లకు చుట్టుకుంటే మోకాలి లోతులో కూడా పడిపోతారు. చీరతో ఆడవాళ్లు నీళ్లలోకి దిగాల్సి వస్తే కొంగు నడుముకు దోపి, పాదాల తడి వరకే.

దిగడం. మధ్యలో కర్త, రెండు పక్కలా ఇద్దరు. ఈత వచ్చినవారు ఒకరైనా ఉండాలి. పక్కనున్నవారు కర్త చేతులు కాకుండా భుజాలు పట్టుకోవాలి, చేతులు ముంతకు కావాలి. ముగ్గురి ముఖాలూ సముద్రం వైపే. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక జారుతుంది, అడుగు వెడల్పుగా పెట్టి నిలవాలి.

వదలడం. పై నుంచి చల్లకండి, విసరకండి. పెద్ద అలలు మూడు నాలుగు వరసగా వచ్చాక కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపిలో వంగి, మూటను నీళ్ల కిందికి పూర్తిగా ముంచి, తడిసిన తర్వాత ముడి లాగండి. అల వెనక్కి పోయే దిశలోనే గుడ్డను నీళ్లలో విదిలించండి. తడిసిన భస్మం ఎగరదు, పైన తెట్టులా తేలదు. చెంబుతో పాలు, తర్వాత పూలు. పూలు కొన్ని తిరిగి ఒడ్డుకు వస్తాయి. వస్తే అపశకునం అనుకోకండి. తేలేవన్నీ వస్తాయి.

ముంత. నీళ్లలో పగలగొట్టే ఆచారం ఉంటే, ఆచారానికి ఒక్క దెబ్బ కొట్టి, పెంకులు ఏరి తీసుకురండి. లేదా ఒడ్డుకు పైన, మనుషులు నడవని చోట చేయండి. ఇసుకలో నిలిచిన పెంకు వట్టికాలికి మేకు కంటే తక్కువేమీ కాదు. గుడ్డను కూడా పిండి తీసుకురండి. వలలకు చిక్కేది అదే.

బయటికి రావడం. వెనక్కి తిరిగి చూడకూడదని కొందరు పాటిస్తారు. పాటించండి, కానీ నీళ్లు పాదాల కిందికి వచ్చే వరకు సముద్రానికి వీపు తిప్పకండి. అడుగు అడుగు వెనక్కి వేస్తూ పొడి ఇసుక మీదికి వచ్చాక తిరగండి. స్నానం అంటే మునకే కానక్కర్లేదు. కర్త నీరసంగా ఉంటే ఒడ్డున చెంబుతో పోయించండి.

## 10. తరచూ జరిగే తప్పులు, అప్పటికప్పుడు చేయగలిగినవి

గాలి తిరిగిపోయింది. వెనక్కి వెళ్లనక్కర్లేదు. ముంతలోనే సముద్రపు నీళ్లు పోసి భస్మాన్ని తడిపి ముద్ద చేయండి. ముంత మూతిని నీళ్ల అడుగున వంచి వదలండి.

అలలు మరీ ఎత్తుగా ఉన్నాయి. దిగకండి. గంట ఆగి చూడండి. తగ్గకపోతే పూజ ఒడ్డున పూర్తి చేసి, అస్థికలు వెనక్కి తీసుకెళ్లి మరో రోజు రండి. వెళ్లాం కాబట్టి వదిలే రావాలన్న పట్టుదలే ప్రాణాలు తీస్తుంది.

ముడి బిగుసుకుంది. పళ్లతో లాగకండి. బయటికి వచ్చి పొడి ఇసుక మీద విప్పుకుని, వదులుగా చుట్టుకుని మళ్లీ దిగండి.

ముక్కలు ఒడ్డుకు వచ్చాయి. ఏరి, చెంబులో వేసి, ఇంకో నాలుగు అడుగులు లోపల వదలండి. దీనికి కంగారు పడాల్సింది ఏమీ లేదు, పక్కనున్నవారు చేసినా చాలు.

ఎవరో ఫోటోలు తీస్తున్నారు. మన వాళ్లే అయితే ఒక్కరికి అప్పగించి మిగతా ఫోన్లు కారులో పెట్టించండి. విహారానికి వచ్చినవారు అయితే ఒక పెద్దమనిషి వెళ్లి నెమ్మదిగా చెబితే ఆపుతారు.

తాగి వచ్చిన బంధువు. నీళ్ల దగ్గరికి రానివ్వకండి. కర్తకు పక్కన నిలబడే ఇద్దరిలో అతను అసలే ఉండకూడదు.

## 11. దూరం నుంచి తెచ్చేవారికి

అమెరికా లాంటి చోట దహనం జరిగి అస్థికలు ఇక్కడికి తెస్తుంటే, మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, భారత కాన్సులేట్ ఇచ్చే అనుమతి పత్రం చేతి సంచిలో ఉండాలి. పాత్ర లోహానిది వద్దు. కొయ్యదో ప్లాస్టిక్‌దో అయితే విమానాశ్రయం ఎక్స్‌రేలో లోపలిది కనిపిస్తుంది, తెరవమనరు. విమాన సంస్థను ముందే అడగండి, ఒక్కొక్కరి నిబంధన ఒక్కో తీరు.

అక్కడి దహనంలో అస్థికలను పొడి చేసి ఇస్తారు. ఇసుక లాంటి ఆ పొడి మన కట్టెల చితి అస్థికల కంటే గాలికి ఎక్కువ లేస్తుంది. దాన్ని నూలు గుడ్డలోకి మార్చే పని ఇంటి దగ్గరే, ఫ్యాను ఆపి చేయండి.

## 12. మళ్లీ వచ్చేందుకు గుర్తు

ఏడాదికో, పిల్లలు పెద్దయ్యాకో ఆ చోటికి మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. సరుగుడు చెట్లను గుర్తు పెట్టుకోకండి, నాలుగైదేళ్లలో కొట్టేస్తారు. ఒడ్డు గీత కూడా తుపానుకు జరుగుతుంది. కదలనివి పట్టుకోండి: రోడ్డు చివర, గుడి, తుపాను షెల్టరు భవనం. వాటి నుంచి ఎటు, ఎన్ని అడుగులు అన్నది రాసుకోండి.

ఫోనులో ఆ చోటి లొకేషన్ సేవ్ చేసి, పాలెం పేరు, తేదీ, తిథి, మీకు దారి చూపిన మనిషి ఫోను నంబరుతో కలిపి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ అదే రోజు పంపండి. రాలేకపోయినవారికి ముందు పంపండి.